చేతుల కంటే ముందు గొంతు

నా డ్యూటీ రాత్రి 9.30కి ముగుస్తుంది. జగదాంబ జంక్షన్‌లో బస్సెక్కి, గాజువాకలో దిగి, ఇంటికి ఒక పొడవాటి సందులో నడవాలి. ఆ నడక కోసమే ఆత్మరక్షణ నేర్చుకోవడం మొదలుపెట్టాను. పెద్ద పోరాటాలు నేర్పుతారనుకున్నాను గానీ, మా మాస్టారు ముందు చూపుకు పని పెట్టారు.

బస్సెక్కగానే అత్యవసర ద్వారం ఎటు ఉందో చూసుకోవాలి. ఎదురుగా వచ్చే మనిషి ముఖం కంటే ముందు చేతులు చూడాలి. మూసి ఉన్న దుకాణాల అద్దాల్లో వెనక ఎవరు వస్తున్నారో గమనించాలి. సందు మొదట్లోనే ఫోను సంచీలోకి పోవాలి, చెవుల్లో ఏమీ ఉండకూడదు. అమెరికా సైనికాధికారి జెఫ్ కూపర్ మనిషి మెలకువను తెలుపు, పసుపు, నారింజ, ఎరుపు అని నాలుగు రంగులుగా విభజించారు. పసుపు అంటే కంగారు లేకుండా చుట్టూ ఏం జరుగుతోందో తెలిసి ఉండటం. సందులో నేను కోరుకునేది ఆ స్థితే. అది అలవాటయ్యాక నాలో భయం తగ్గింది. ఎవరున్నారో చూసేశాక ఊహించుకోవడానికి ఏమీ మిగలదు కదా!

ఎంత త్వరగా స్పందిస్తున్నానో చూసుకోవడానికి ఇంట్లో చెల్లితో స్కేలు సాధన చేస్తాను. తను స్కేలును నిలువుగా పట్టుకుని చెప్పకుండా వదిలేస్తే నేను రెండు వేళ్లతో పట్టుకోవాలి. 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే సెకనులో ఐదో వంతు పట్టినట్టు. ఈ లెక్క కొంత మెరుగుపడి ఆగిపోయింది. దానికంటే ఏం చేయాలో ముందే తేల్చుకోవడం ముఖ్యమని నాకు అర్థమైంది. ఎంచుకోవలసినవి పెరిగేకొద్దీ ప్రతిస్పందన నెమ్మదిస్తుందని బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త విలియం హిక్ 1952లోనే చూపించారు. అందుకే మాస్టారు నాకు రెండే నేర్పారు: అరచేతులు ఛాతీ ఎత్తున ముందుకు పెట్టి వెనక్కి జరుగుతూ అరవడం, అప్పటికీ మీదికొస్తే మణికట్టుకు పైన ఉండే అరచేతి గట్టి భాగంతో గడ్డం కింద కొట్టి పరుగెత్తడం.

దూరం సంగతి నన్ను బాగా ఆలోచింపజేసింది. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరాన్ని దాదాపు ఒకటిన్నర సెకన్లలో దాటగలడని అమెరికా పోలీసు అధికారి డెనిస్ ట్యూలర్ 1983లో రాశారు. మా గేటు నుంచి టేపుతో కొలిస్తే, ఆ 21 అడుగులు కరెంటు స్తంభం దాకా వచ్చాయి. ఇప్పుడు ఏ వీధిలోనైనా ఆ దూరం నా కళ్లకు కనిపిస్తుంది.

అన్నింటికన్నా కష్టమైంది అరవడం. ఆడపిల్ల గొంతు గడప దాటకూడదని వింటూ పెరిగినదాన్ని. "ఆగు! దగ్గరకు రాకు!" అనమంటే, మొదట్లో ఆ మాట గొంతులోంచి సన్నగా వచ్చి చివర్లో ప్రశ్నలా పైకి లేచేది. పొట్ట నుంచి ఊపిరి తీసి, ఆఖరి అక్షరాన్ని కిందికి దించమన్నారు మాస్టారు. ఇంట్లో వీలుకాక, పొద్దున్నే రామకృష్ణ బీచ్‌కు వెళ్లి అలల హోరులో సాధన చేశాను. ఒక రోజు నడకకు వచ్చిన ఒక పెద్దాయన "ఏమైందమ్మా?" అంటూ గబగబా ఇసుకలోకి దిగి వచ్చారు. సాధన అని చెప్పి క్షమించమన్నాను. నా గొంతు అంత దూరం వెళ్లిందని, విన్నవాళ్లు వస్తారని తెలిసి ఎంత ధైర్యం వచ్చిందో!

చట్టం కూడా మన పక్షమే. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 34వ సెక్షన్ ప్రకారం ఆత్మరక్షణ కోసం చేసింది నేరం కాదు. అయితే అవసరానికి మించి గాయపరచకూడదు. కాబట్టి దారి దొరకగానే పరుగు, ఆ తర్వాత 112కు ఫోను.

ఈమధ్య నేను గిన్నెలు సర్దుతుండగా చెల్లి చెప్పకుండా మణికట్టు పట్టుకుంటోంది. పట్టుకున్నవాళ్ల బొటనవేలు ఉన్న వైపుకు చేయి తిప్పి లాగితే పట్టు వదులుతుంది. సంచీ ఎప్పుడూ కుడి భుజానే ఉంటుంది కాబట్టి ఎడమ చేత్తో ఎక్కువసార్లు చేస్తున్నాను.