అడాప్టరు కొనేముందు పళ్లు లెక్కపెట్టండి: నా అనుభవం

నిన్న సాయంత్రానికి నా పాత పికప్‌లో రెండు గేర్ల పెట్టెల్ని ఒకదాని వెనక ఒకటి కలిపే అడాప్టరు బిగిసింది. చేతులకు గేర్ ఆయిల్ కంపు ఇంకా వదల్లేదు, మా ఆవిడ వంటింట్లోకి రానివ్వడం లేదు. కోపం చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను. కాలిఫోర్నియాలో పాత టొయోటాలు కొని రాళ్లెక్కిద్దామని ఉబలాటపడే మనవాళ్లు నాకు తెలిసే కొందరున్నారు, వాళ్లకైనా పనికొస్తుంది.

బండి 1985 టొయోటా పికప్. అమెరికాలో ముందువైపు సాలిడ్ యాక్సిల్‌తో, అంటే రెండు చక్రాలకూ కలిపి ఒకే గట్టి ఇరుసుతో, వచ్చిన టొయోటా పికప్పుల్లో అదే ఆఖరి సంవత్సరం, అందుకే ముసలిదైనా ధర దిగదు. 22ఆర్ఈ ఇంజన్, ఐదు గేర్ల డబ్ల్యూ56 గేర్‌బాక్స్, దాని వెనక గేర్లతో నడిచే ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే ఇంజన్ శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె. ఆ కేసులో లో రేంజి 2.28, అంటే లో వేస్తే వేగం అన్ని రెట్లు తగ్గుతుంది. తెనాలిలో మా బాబాయికి ఇదంతా ఫోన్లో చెబితే, "మన ట్రాక్టరుకి హై, లో లివరు ఉంటుంది కదరా, అదేగా" అన్నాడు. అదే బాబాయ్, కాకపోతే ఒకదాని వెనక ఒకటి రెండు పెడుతున్నా అన్నాను. "రెండెందుకురా, అక్కడేమన్నా మాగాణి దున్నుతున్నావా?"

ఎందుకో లెక్క చూడండి. మొదటి గేరు 3.95, లో రేంజి 2.28, ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ 4.10. మూడూ గుణిస్తే 37. చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే ఇంజన్ 37 చుట్లు తిరగాలన్నమాట. 33 అంగుళాల టైర్లతో, ఇంజన్ 800 ఆర్పీఎం దగ్గర ఐడిల్‌లో ఉంటే గంటకు దాదాపు మూడున్నర కిలోమీటర్లు. రూబికాన్ ట్రయల్ లాంటి రాళ్ల దారిలో అదీ ఎక్కువే, క్లచ్ తొక్కీ తొక్కీ కాలు పడిపోతుంది. రెండు పెట్టెలూ లోలో వేస్తే నిష్పత్తి 84 అవుతుంది, వేగం గంటకు ఒకటిన్నర కిలోమీటరు. డబ్బుండి వెనక పెట్టెలో 4.7 గేర్లు వేయించుకుంటే 174. అప్పుడు గంటకు కిలోమీటరు కూడా పోదు. నేను ప్రస్తుతానికి 84 దగ్గరే ఆగాను.

రెండు పెట్టెలంటే రెండూ పూర్తిగా పెట్టరు. మొదటిదాంట్లో వేగం తగ్గించే ముందుభాగం మాత్రం ఉంచి, వెనకభాగం ఊడదీస్తారు. ఆ ఖాళీలో అడాప్టరు వస్తుంది. దాని వెనక రెండో కేసు మొత్తం బిగుస్తుంది. అడాప్టరంటే ఒక అల్యూమినియం పలక, మధ్యలో బేరింగు, ఒక పొట్టి షాఫ్టు. ఆ షాఫ్టును కప్లర్ అంటారు. ఈ జంట పెట్టెల పద్ధతిని 1990లలో జనంలోకి తెచ్చింది ఫ్రెస్నోలోని మార్లిన్ క్రాలర్ వాళ్లు. ఇప్పుడు ఇలాంటి అడాప్టర్లు చేసేవాళ్లు ఇంకా ఉన్నారు.

రెండో కేసు పాతది దొరికింది, ధర కూడా ఫర్వాలేదు. పాత కేసు దింపడం ఒక శనివారం పని. విప్పి కడగడం ఇంకో శనివారం.

ఇక అడాప్టరు కొన్న కొట్టు సంగతి. పేరు చెప్పను, ఫ్రెస్నో వాళ్లది మాత్రం కాదు.

ఈ కేసుల్లో ఇన్‌పుట్ గేరు లోపలి స్ప్లైన్లు, అదే పళ్లు, రెండు రకాలుగా వస్తాయి: 21 లేదా 23. మామూలు నాలుగు సిలిండర్ల బండికి 21, టర్బోకీ, ఆరు సిలిండర్ల వీ6కీ 23. కప్లర్ మీద పళ్లు వెనక కేసుకు సరిపోవాలి. ఈ సంగతి నాకు ముందే తెలుసు కాబట్టి, కొన్న కేసు ఇన్‌పుట్ గేరును దగ్గర్నుంచి ఫొటో తీసి కొట్టుకు పంపాను, "ఇది చూసి సరైన కప్లర్ పంపండి" అని రాశాను. "చూశాం, నాలుగు సిలిండర్లదే, సరిపోతుంది" అని జవాబు. పార్సిల్ వచ్చింది, కప్లర్ గేరులోకి దిగదే! తిప్పి చూశాను, తుడిచి చూశాను, ఆయిల్ రాసి చూశాను. మా అమ్మాయి గోళ్ల రంగుతో ఒక పంటికి గుర్తు పెట్టి, అక్కణ్నుంచి లెక్కపెట్టాను. 23. మళ్లీ లెక్కపెట్టినా 23. కప్లర్‌కి 21.

కేసు అమ్మినవాడికి ఫోన్ చేశాను. అతను అబద్ధమేం చెప్పలేదు. కేసు నాలుగు సిలిండర్ల బండిలోదే. కాకపోతే అది 1980ల మధ్యలో కొన్నాళ్లు వచ్చిన టర్బో పికప్. టర్బో ఇంజనుకీ సిలిండర్లు నాలుగే కదా! "నాలుగు సిలిండర్లయితే 21" అని బట్టీపట్టినవాడు ఫొటో చూసే శ్రమ ఎందుకు పడతాడు?

అడాప్టరు, కేసు రెండూ బండిలో వేసుకుని రెండు గంటలు నడిపి కొట్టుకు వెళ్లాను. కౌంటరులో ఉన్నాయన నన్ను ఎగాదిగా చూసి, "బండి ఎవరిది?" అని అడిగాడు. నాదే అన్నాను. "పని ఎవరు చేస్తున్నారు?" నేనే. "మీ మెకానిక్‌ని రమ్మనండి, అతనికి చెబుతాను" అన్నాడు. నేనే చేస్తున్నాను బాబూ అన్నా వినిపించుకోలేదు. ఒక పాత షాఫ్టు తీసి, దాని మీద వేలు పెట్టి, చంటిపిల్లాడికి చెప్పినట్టు సాగదీసుకుంటూ, "దీన్ని స్ప్లైన్ అంటారు" అన్నాడు. నా వెనక వరసలో నిలబడ్డ ఇద్దరు కిసుక్కున నవ్వారు. "కంప్యూటర్ ఉద్యోగమా?" అని అందులో ఒకడు. అవును, కంప్యూటర్ ఉద్యోగమే. లెక్కపెట్టడం వచ్చు కూడా.

ఫోన్లో వాళ్లు పంపిన జవాబు చూపించాను. చదివాడు. "అది సేల్స్ వాళ్లు రాసింది, మా బాధ్యత కాదు" అన్నాడు. చివరికి వెనక్కి తీసుకున్నాడు, 20 శాతం కోసుకుని. తప్పు వాళ్లది, కోత నాకు. ఇంటికి వచ్చే దారంతా, ఆ మనిషికి చెప్పాల్సిన మాటలు ఒక్కోటీ గుర్తొచ్చాయి. అక్కడ మాత్రం ఒక్కటీ రాలేదు.

మనలో కూడా ఈ జబ్బు ఉంది. చేతికి మసి అంటిన మనిషికి చదువు రాదనుకుంటాం, చదువుకున్నవాడికి స్పానర్ పట్టుకోవడం రాదనుకుంటాం. మా నాన్న లెక్కల మాస్టారు, సాయంత్రాలు ఊళ్లో వాళ్ల మోటార్లు విప్పేవాడు. నేను ఈ కేసు విప్పి, బేరింగులు మార్చి, ఒక్క చుక్క కారకుండా మూశాను. నవ్విన ఇద్దరిలో ఎవరైనా చేయగలరేమో కనుక్కోండి.

తర్వాత ఫోన్ చేసిన కొట్టులో ఒకావిడ ఎత్తింది. ధర చెప్పకముందే ప్రశ్నలు మొదలెట్టింది: గేర్‌బాక్స్ ఏది, వెనక కేసుకు పళ్లెన్ని, లివరు పైనుంచి దిగే రకమా, ముందు గేర్‌బాక్స్ వైపు నుంచి వచ్చే రకమా, వెనక కేసును పైకి తిప్పి బిగిస్తావా, ఉన్నట్టే ఉంచుతావా. పైకి తిప్పితే కింద రాళ్లకు తగలదు గానీ క్యాబిన్ ఫ్లోర్ దగ్గర చోటు ఇరుకవుతుందని కూడా ఆమే చెప్పింది. ధరకంటే ముందు ప్రశ్నలడిగే చోటే కొనండి. 23 పళ్ల కప్లర్ వచ్చింది, వేలితో నెడితే జారిపోయినట్టు దిగింది.

మిగతాది కష్టమే గానీ అర్థమయ్యే కష్టం. వెనక కేసు వెనక్కి జరుగుతుంది కాబట్టి దాన్ని కిందనుంచి మోసే అడ్డకమ్మి, అదే క్రాస్‌మెంబరు, కొత్తది కావాలి, మూడో లివరుకి ఫ్లోర్ కోయాలి, వెనక డ్రైవ్‌షాఫ్ట్ కురచ చేయించాలి, ముందుది పొడిగించాలి. ముందు చక్రాల దగ్గర, అవి పక్కకు తిరిగినా శక్తి అందించే బిర్‌ఫీల్డ్ జాయింట్లు పాతవే ఉంటే, స్టీరింగ్ పూర్తిగా తిప్పి గ్యాస్ తొక్కకండి. ఇంత లాగుడుకి అవి పుటుక్కుమంటాయి. డబ్బు మిగిలితే ముందు వాటినే గట్టి క్రోమోలీ ఉక్కువి వేయించుకోండి, 4.7 గేర్లు తర్వాత. డ్రైవ్‌షాఫ్ట్ కొలతలు బండి చక్రాల మీద నిలబడి ఉండగానే తీయాలి. యాక్సిల్ వేలాడుతుండగా తీస్తే కొలత తప్పుతుంది, షాఫ్ట్ చేసేవాడు మళ్లీ డబ్బు తీసుకుంటాడు. నావి వచ్చే శనివారం తీస్తాను.