ఏనాటి బత్తెము ఆనాడే

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులకు వందనములు.

గత నెలలో ఒక కుటుంబం వారి ఇరవై ఐదవ పెళ్లి రోజున ఏర్పాటు చేసిన కృతజ్ఞత కూడికకు వెళ్లి వచ్చినప్పటి నుండి నా మనసు కుదుటపడలేదు. షామియానా, ఫ్లెక్సీ, కేకు, వాక్యం చెప్పడానికి వచ్చిన దైవజనుడు, రెండు వందల మందికి భోజనాలు అన్నీ ఘనంగా జరిగాయి. ఆ ఇంటి యజమాని మైకు తీసుకొని, గడచిన సంవత్సరములన్నిటిలో కంటికి రెప్పలా కాచి కాపాడిన దేవునికి స్తోత్రములు చెల్లించి, కొన్న స్థలం గురించి, వచ్చిన ప్రమోషన్ గురించి, కుమారునికి దొరికిన వీసా గురించి ఇరవై నిమిషాల పాటు సాక్ష్యం చెప్పారు. ఆయన భార్య ఆ ఇరవై నిమిషాలూ వడ్డన బల్లల దగ్గర నిలబడి, విస్తళ్లు సరిపోతాయో లేదో అని లెక్క పెట్టుకుంటూ ఉన్నారు. అది వారి పెళ్లి రోజు కృతజ్ఞత కూడిక. ఆ సాక్ష్యంలో ఆమె పేరు ఒక్కసారి కూడా రాలేదు.

ఆ సహోదరుణ్ణి తప్పు పట్టే అర్హత నాకు లేదు. రెండేళ్ల క్రితం మా ఇరవై ఐదేళ్ల కూడికలో నేను చెప్పిన సాక్ష్యం కూడా ఇంచుమించు ఇదే. అయితే మన సంఘాలలో ఇది ఒక అలవాటుగా మారిపోయిందని, దేవునికి చెల్లించే స్తుతిలో అబద్ధం లేకపోయినా ఒక పెద్ద ఖాళీ ఉండిపోతున్నదని చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

నిర్గమకాండము 16వ అధ్యాయంలో, అరణ్యంలో ఇశ్రాయేలీయులకు ఆకాశము నుండి కురిసిన ఆహారమైన మన్నాను గురించి దేవుడు మోషేతో చెప్పిన మాటలలో, ప్రజలు వెళ్లి "ఏనాటి బత్తెము ఆనాడే" కూర్చుకొనవలెనని ఉన్నది. ఈ బత్తెము అనే పాత మాట నాకు ఎంతో ఇష్టం. రోజు కూలికి పోయినవానికి ఆ పూట కొలిచి ఇచ్చే తిండిగింజలు బత్తెము. ఇల్లు గడవడానికి అది చాలు, దాచుకోవడానికి మాత్రం చాలదు. మిగుల్చుకొన్న మన్నా మరునాటికి పురుగుపట్టి కంపుకొట్టింది. ఉదయాన్నే లేచి కూర్చుకొననివానికి, ఎండ ముదిరేసరికి అది కరిగిపోయి కనబడకుండా పోయింది. తన ప్రజలు దాటిపోవడానికి ఎర్ర సముద్రాన్ని దేవుడు ఒక్కసారే పాయలు చేశాడు గాని, మన్నాను నలుబది సంవత్సరములు కురిపించాడు. మనం సాక్ష్యం చెప్పేటప్పుడు మాత్రం ఎప్పుడూ ఎర్ర సముద్రం గురించే చెబుతాము.

మన్నాను మొదటిసారి చూసినప్పుడు ఇశ్రాయేలీయులు అది ఏమైనది తెలియక "ఇదేమి" అని ఒకరితో ఒకరు చెప్పుకొన్నారు. హెబ్రీ భాషలో ఆ ప్రశ్నే దానికి మన్నా అనే పేరై నిలిచింది. కొతిమెర గింజవలె తెల్లగా ఉండి, తేనెతో కలిపిన అపూపముల రుచి గల ఆ ఆహారాన్నే, సంఖ్యాకాండము 21వ అధ్యాయానికి వచ్చేసరికి అదే ప్రజలు "చవిసారములు లేని అన్నము" అన్నారు. మధ్యలో మన్నా మారలేదు. కురిపించే చేయి కూడా మారలేదు. మొదటి రోజున "ఇదేమి" అని వంగి చూసిన కళ్లు ఇప్పుడు చూడడం మానివేశాయి, అంతే జరిగింది. కాపురంలో కూడా ఇదే జరుగుతుంది. పెళ్లైన కొత్తలో ఆమె చేసిన పప్పుచారును చుట్టాలందరికీ చెప్పుకొన్న మనిషే, పదేళ్లు గడిచేసరికి కంచం ముందు కూర్చొని ఫోను చూసుకుంటూ "ఉప్పు తగ్గింది" అనే ఒక్క మాటతో లేచిపోతాడు.

ఈ సంగతి నాకు వాక్యం చదివినందువలన తెలియలేదు. నిరుడు ఆగస్టులో నా భార్యకు చికున్‌గున్యా వచ్చినప్పుడు తెలిసింది.

మేముండేది హైదరాబాదులో చందానగర్ వైపు. మా వీధికి మంజీర నది నీళ్లు రోజు విడిచి రోజు తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతంలో వస్తాయి, ముప్పావు గంటలో ఆగిపోతాయి. ఆ సమయానికి లేచి, ముందుగా వచ్చే మట్టి నీళ్లను మొక్కలకు వదిలి, గొట్టంలో నీళ్లు తేటపడిన తరువాత తాగడానికి స్టీలు బిందెలకు గుడ్డ కట్టి పట్టి, ఆపైన సంపులోకి మళ్లించి, సంపు నిండగానే మోటారు వేసి పై ట్యాంకుకు ఎక్కించాలి. ఇందులో ఎక్కడ ఆలస్యమైనా ఆ రెండు రోజులూ ఇంటిల్లిపాదికి ఇబ్బందే. ఇదంతా ఆ ఆగస్టు నెలలో తెలుసుకొన్నాను. అప్పటికి ఇరవై ఆరేళ్లుగా నేను లేచేసరికి బిందెలు నిండి, వాటి మీద మూతలు పెట్టి ఉండేవి. ఆరు గంటలకు లేచి, ముఖం కడుక్కొని, కుర్చీ వేసుకొని, బైబిలు తెరిచి, కాపాడిన దేవునికి స్తోత్రములు చెల్లించేవాడిని. ముఖం కడుక్కొన్న ఆ నీళ్లు ఎట్లా వచ్చాయో ఒక్క ఉదయమైనా అడగలేదు.

ఆమె జ్వరంతో పడుకొన్న మొదటి నీళ్ల రోజున నాకు మెలకువ రాలేదు. ఎండ వచ్చిన తరువాత లేచి కొళాయి తిప్పితే గాలి శబ్దం తప్ప మరేమీ రాలేదు. బజారుకు పోయి ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు మోసుకొని వస్తున్నప్పుడు, "ఎండ వేడిమికి అది కరిగెను" అనే మాట దారిలో నా నోటికి తానుగా వచ్చింది. ఎన్నో సంవత్సరాలుగా చదివిన వచనం అది. ఆ రోజు వరకు దానిలో నా ఇల్లు నాకు కనబడలేదు.

ఆ తరువాతి నీళ్ల రోజు ఎప్పుడో కూడా నాకు తెలియదు. ఆమెనడిగితే, కీళ్ల నొప్పులతో పక్కకు ఒత్తిగిలలేక, కళ్లతోనే వంటింటి గోడ వైపు చూపించింది. అక్కడ మా సంఘం వారిచ్చిన క్యాలెండరు ఉన్నది. ప్రతి తేదీకి ఒక వచనం అచ్చు వేసిన ఆ క్యాలెండరును రోజూ వాక్యం కోసం చూసేవాడిని గాని, అంకెల మూలన పెన్సిలుతో గీసిన చిన్న చిన్న గీతలను ఎన్నడూ చూడలేదు. పైపుల మరమ్మతు వలన ఒక్కోసారి సరఫరా ఒక రోజు వెనుకకు పోతుంది గనుక, వరుస తప్పకుండా ఉండడానికి నీళ్లు పట్టిన ప్రతి రోజునా ఆమె ఒక గీత గీసి పెట్టుకొనేది. పేజీలు వెనుకకు తిప్పి చూశాను. జూలై, జూన్, మే. పెద్దమ్మాయి పెళ్లి జరిగిన వారంలో కూడా గీతలున్నాయి. గుడ్ ఫ్రైడే ఆరాధన ముగించుకొని అలసిపోయి పడుకొన్న మరునాడు కూడా గీత ఉన్నది. ఒక్కొక్క గీత ఒక్కొక్క తెల్లవారుజాము. ఆగస్టు పేజీలో మాత్రం తొమ్మిదో తేదీ దగ్గర ఆ గీతలు ఆగిపోయాయి.

సామెతలు 31వ అధ్యాయంలో గుణవతియైన భార్యను గూర్చి "ఆమె చీకటితోనే లేచి" తన యింటివారికి భోజనము సిద్ధపరచునని, తన పనికత్తెలకు బత్తెము ఏర్పరచునని ఉన్నది. మన తెలుగు బైబిలులో మన్నాకు వాడిన బత్తెము అనే మాటే ఇక్కడ కూడా కనబడుతుంది. ఆకాశము నుండి కురిసే బత్తెము ప్రతి ఇంటికి ఎవరో ఒకరి చేతుల మీదుగా చేరుతుందని, మా ఇంట అది చీకటితోనే లేచిన ఆమె చేతుల మీదుగా చేరిందని నేను గ్రహించడానికి ఇంతకాలం పట్టింది. "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అని ప్రార్థించిన నోటితో, ఆ ఆహారాన్ని తెచ్చి ముందు పెట్టిన మనిషిని పలకరించకపోతే, ఆ ప్రార్థనకు వచ్చిన జవాబును గుమ్మంలోనే నిలబెట్టినట్లు కాదా?

సామెతలు 31వ అధ్యాయంలో పదవ వచనం నుండి మొదలయ్యే ఆ పద్యాన్ని మరొక్కసారి నెమ్మదిగా చదవమని మిమ్మును బ్రతిమాలుతున్నాను. హెబ్రీ భాషలో ఇరవై రెండు అక్షరాల వరుసన, ఒక్కొక్క అక్షరంతో ఒక్కొక్క వచనం చొప్పున కూర్చిన పద్యమది. మొదటి నుండి చివరి వరకు "ఆమె", "ఆమె" అనే సాగుతుంది. ఆమె గొఱ్ఱెబొచ్చును వెదకును, ఆమె దీపము రాత్రివేళ ఆరిపోదు, ఇట్లా అన్నీ ఆమెను గూర్చి పక్కవారికి చెప్పే మాటలే. ఒక్క చోట మాత్రం, భర్త నోరు తెరిచిన చోట, "వారందరిని నీవు మించినదానవు" అని ఉన్నది. ఆ పద్యమంతటిలో నీవు అనే మాట అక్కడ తప్ప మరెక్కడా లేదు. భార్యను గూర్చి ఊరందరికీ చెప్పవచ్చు, దేవునికి ప్రార్థనలో చెప్పవచ్చు, రెండూ మంచివే. కాని పెనిమిటి చేయవలసిన స్తుతి ఆమె ముఖము చూసి, నీవు అని పిలిచి చేయవలసినది. వాక్యం అంత స్పష్టంగా ఉండగా, భార్యను నలుగురిలో మెచ్చుకొంటే పెద్దరికం తగ్గుతుందని అనుకొనే విశ్వాసులను చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది.

ఇది భర్తలకు మాత్రమే చెప్పే మాట కాదు. పొద్దున్నే లింగంపల్లి స్టేషన్‌లో ఎం.ఎం.టి.ఎస్. రైలుకు నిలబడే పురుషులలో, సాయంకాలం ఇంటికి చేరినప్పుడు "వచ్చారా" అనే ఒక్క మాటకు నోచుకోనివారు కూడా ఉన్నారు. సహోదరీలారా, అది కూడా కూర్చుకొనవలసిన మన్నాయే.

మేము ప్రతి సంవత్సరం డిసెంబరులో మెదకు మహా దేవాలయానికి వెళ్లి వస్తాము. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ దేవాలయం ముందు నిలబడి, 175 అడుగుల గోపురాన్ని తల ఎత్తి చూసి, ఫోటోలు తీసుకొని అందరూ తిరిగి వస్తారు. ఆ దేవాలయాన్ని కట్టించిన మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు కరువు రోజులలో ఆకలిగొన్న ప్రజలకు ఆ కట్టడంలో పని కల్పించి, ఆ పనికి తిండిగింజలు ఇచ్చి వారిని బ్రతికించారని మన పెద్దలు చెబుతూ వచ్చారు. ఆ రాళ్లు మోసినవారి ఇంటికి చేరినది కూడా ఏనాటి బత్తెము ఆనాడే. నిరుడు ఆ మెట్ల మీద కూర్చొన్నప్పుడు, నొప్పులు ఇంకా పూర్తిగా తగ్గని మోకాళ్లను నా భార్య చేతులతో రుద్దుకొంటూ ఉంటే, మా కొళాయికి వచ్చే నీళ్ల మంజీర కూడా ఈ జిల్లాలో పారుతున్నదేనని తలచుకొన్నాను. తలచుకొన్నాను గాని, ఆమెతో ఏమీ అనలేదు. తెలుసుకొన్న తరువాత కూడా నోరు రాకపోవడం ఎంత కఠినమైన అలవాటో చూడండి.

మందసములో, అంటే ఇశ్రాయేలీయులు తమ వెంట మోసుకొని వెళ్లిన దేవుని నిబంధన పెట్టెలో, దాచిన వాటిని గురించి హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 9వ అధ్యాయం చెబుతుంది. నిబంధన పలకలు, చిగిర్చిన అహరోను కర్ర, మన్నాగల బంగారు పాత్ర. ఆ పాత్రలో ఉన్నది ఒక ఓమెరు, అంటే సుమారు రెండు లీటర్ల కొలత, ఒక మనిషికి ఒక రోజుకు పట్టే తిండి. ఎర్ర సముద్రపు నీళ్లను గాని, నీళ్లు రావడానికి చీల్చిన బండలోని రాయిని గాని దాచమని దేవుడు చెప్పలేదు. ఒక మామూలు దినపు బత్తెమును తరతరములు చూసేటట్లు దాచమన్నాడు. పెళ్లి ఆల్బములను పట్టు గుడ్డలో చుట్టి బీరువాలో దాచుకొనే మనం, ఒక మామూలు దినాన్ని ఎప్పుడైనా దాచుకొన్నామా?

డిసెంబరు 31 రాత్రి వాచ్ నైట్ ఆరాధన ముగించుకొని ఇంటికి వచ్చి, పాత క్యాలెండరు తీసి కొత్తది తగిలించేటప్పుడు, ఆ ఆగస్టు పేజీని జాగ్రత్తగా చింపి, నాలుగు మడతలు పెట్టి, నా బైబిలులో నిర్గమకాండము 16వ అధ్యాయం దగ్గర పెట్టుకొన్నాను. గత నెల ఆ పెళ్లి రోజు కూడిక నుండి తిరిగి వచ్చిన రాత్రి కుటుంబ ప్రార్థనలో వాక్యం చదవడానికి తన కళ్లజోడుకు నా బైబిలు అక్షరాలే పెద్దవిగా ఉంటాయని ఆమె దానిని తీసుకొన్నది. పేజీలు తిప్పుతూ ఉంటే ఆ కాగితం జారి ఆమె ఒళ్లో పడింది. మడతలు విప్పి, వెలుతురుకు పట్టి చూసి, "ఇదేమిటండీ?" అని అడిగింది.

చెప్పాను. పక్కవారికి చెప్పినట్లు కాకుండా, నీవు అని పిలిచి, ఇరవై ఏడేళ్ల నీళ్ల గురించి చెప్పాను. మాట మధ్యలో నా గొంతు పట్టేసింది. ఆమె చాలాసేపు ఏమీ అనకుండా, పెన్సిలు గీతలు ఆగిపోయిన చోట వేలు పెట్టి చూసుకొంటూ కూర్చొన్నది. తరువాత కాగితాన్ని ఏ మడత ఆ మడతగా తిరిగి మడిచి, అదే అధ్యాయంలో పెట్టి, "రేపు నీళ్ల రోజు, నాలుగింటికి మీరు కూడా లేస్తారా మరి?" అని అడిగి, చదవవలసిన కీర్తన తెరిచింది.