మా పాకలో చూసిందే

నిన్న పెళ్లింట్లో బంతి భోజనాల దగ్గర మగా మగా, ఆడా ఆడా జతకట్టడం గురించి మాటొస్తే ఒకాయన "జంతువుల్లో కూడా ఉండదు ఇలాంటిది" అన్నాడు. నాకు ముద్ద గొంతు దిగలేదు.

మా పాకలో ఎర్రావు ఎదకొచ్చిన రోజు పక్కావు దాని మీదికి ఎక్కేది. ఎర్రావు మెదలకుండా నిలబడేది, తోక మొదట్లో వెంట్రుకలు చెదిరిపోయి ఉండేవి. "పొద్దున నిలబడింది, సాయంత్రం సూది వేయిద్దాం" అనేవాడు నాన్న. పాడి ఉన్న ప్రతి ఇంటికీ తెలిసిన గుర్తే కదా ఇది!

హవాయిలో ఓహు దీవి మీద లేసాన్ ఆల్బట్రాస్ పక్షుల జంటల్లో 31 శాతం ఆడా ఆడా జంటలేనని 2008లో శాస్త్రవేత్తలు రాశారు. వంతులేసుకుని గుడ్డు పొదుగుతాయి, పిల్లను పెంచుతాయి.

అదే బంతిలో మా తమ్ముడు కూర్చున్నాడు. తల ఎత్తలేదు. నాకు అప్పుడు నోరు పెగల్లేదు. వాడు చదువుతాడని ఇక్కడ రాస్తున్నా.