ఆయ్

అమెరికా నేవీలో సిపాయిగా చేరడానికి పౌరసత్వం అక్కర్లేదు, గ్రీన్ కార్డు చాలు. కాకపోతే రహస్యాలు చూసే ఉద్యోగాలు ఇవ్వరు. నాకు వంటగది దొరికింది. డిస్ట్రాయర్ అనే యుద్ధనౌక మీద దాదాపు 300 మందికి వండి పెట్టాలి. కాకినాడలో అమ్మకి మాత్రం "షిప్పులో ఉద్యోగం" అని చెప్పి ఊరుకున్నాను.

బూట్ క్యాంపులో అందరూ తడబడిన మాట ఒకటి నాకు పుట్టుకతోనే వచ్చు. ఆర్డర్ ఇస్తే "ఆయ్" అనాలి. గోదారోడికి అది ఎవరైనా నేర్పాలా?

నేవీలో వంటవాడికైనా మంటలార్పడం వచ్చి తీరాలి. 1967లో ఫారెస్టల్ అనే విమాన వాహక నౌక తగలబడినప్పుడు, శిక్షణ ఉన్న బృందంలో చాలామంది మొదటి నిమిషాల్లోనే బాంబు పేలి చనిపోయారు. మిగిలినవాళ్లకి పద్ధతి తెలీదు. ఒకరు నురుగు కొడుతుంటే ఇంకొకరు నీళ్లు కొట్టి దాన్ని కడిగేశారు. 134 మంది చనిపోయారు. ఆ తర్వాత నుంచి అందరికీ ఈ విద్య తప్పనిసరి అయింది.

మా డ్రిల్లులో నేను హోస్ పట్టుకునే రెండో మనిషిని. నార్ఫోక్ రేవు నుంచి బయల్దేరిన మూడో రోజు, ఎర్ర టోపీ పెట్టుకున్న ట్రైనర్ మా సీన్ లీడర్, అంటే మంట దగ్గర మాకు ఆర్డర్లిచ్చేవాడి, భుజం తట్టి "నువ్వు పోయావ్, పడుకో" అన్నాడు. ఆయన హాయిగా గోడకి జారబడ్డాడు. ట్రైనర్ నావైపు తిరిగి "ఇక నువ్వే" అన్నాడు.

ఏం చెయ్యాలో తెలుసు. చెప్పడమే రాలేదు. ముందు నాజిల్ పట్టుకున్నవాడు నాకంటే పదిహేనేళ్లు పెద్ద. మనూళ్లో అయితే "అన్నా, ఏమనుకోకు" అని మొదలెడతాం. నేనూ అలాంటిదే ఏదో ఇంగ్లిష్‌లో గొణిగాను. మాస్కులోంచి ఎవరికీ వినపడలేదు. ఈలోగా మంట ఉన్న గదికి అవతలివైపు ఇనుప గోడల్ని చల్లబరచమని చెప్పడం మర్చిపోయాను. ఇనుము కాలితే పక్క గదిలో పెయింటు దానంతటదే అంటుకుంటుంది. "ఓడ పోయింది" అన్నాడు ట్రైనర్, కాగితం మీద గీత గీస్తూ.

వారానికల్లా మా లీడర్‌కి జబ్బు చేసి ఒడ్డున దిగిపోయాడు. మా పైన ఉండే చీఫ్ ఆ చోట్లో నన్నే వేశాడు. ఎందుకని అడిగితే "ఒకసారి తప్పు చేసినవాడివి, గుర్తుంటుంది" అన్నాడు. పొగడ్తో తిట్టో నాకిప్పటికీ తేలలేదు.

రాత్రిళ్లు ఉల్లిపాయలు తరుగుతూ పొట్టి మాటలు ప్రాక్టీస్ చేశాను. పేరు, పని, చోటు, అంతే. ప్లీజ్ లేదు. ఇక్కడ ఇంకో రూలుంది: విన్నవాడు ఆర్డరుని మాట పొల్లుపోకుండా తిరిగి చెప్పాలి. మా ఇంట్లో అలా తిరిగి అంటే వెక్కిరిస్తున్నానని నాన్న చెయ్యెత్తేవాడు.

తర్వాతి డ్రిల్లులో గొంతు చించుకుని చెప్పాను. ఆ పెద్దాయన నా మాటల్ని నా యాసతో సహా అప్పజెప్పి, చివర్న "ఆయ్" అన్నాడు.

మర్నాడు పొద్దున ఆయనే ట్రే పట్టుకుని వచ్చి రెండు గుడ్లు వెయ్యమన్నాడు.

"రెండు గుడ్లు, ఆయ్" అన్నాను.