మరాజ్జి వాళ్ల బట్టీ, మా నాయన బండలు

నా పుట్టిల్లు తాడిపత్రి, నల్ల నాపబండల వ్యాపారం. మెట్టినిల్లు అనంతపురం, టైల్స్ అంగడి. సంబంధం కుదిరిన రోజు మా చిన్నాయన "పగోళ్లింటికి పిల్లనిస్తాండాం గదప్పా" అని అందరినీ నవ్వించినాడు. నవ్వులాటకే అన్నాడు గానీ అందులో సగం నిజముంది. మా నాయన పాలిష్ ఫ్యాక్టరీలో ఒకప్పుడు కట్టర్లన్నీ రాత్రిళ్లు కూడా తిరిగేవి. ఇప్పుడు ఒక్కటి తిరిగితే గొప్ప. మిగతావాటి పని ఎవరు తన్నుకుపోయినారో చూడాలంటే మా అంగడికొస్తే చాలు. గోడ పొడుగునా రెండుకు నాలుగు సైజులో వరసగా నిలబెట్టి ఉంటుంది.

పోయిన ఎండాకాలం గుజరాత్‌లోని టైల్స్ ఊరు మోర్బీ నుంచి వచ్చిన లోడులో ఒక కొత్త రకం దిగింది. నలుపు, మ్యాట్ ఫినిష్. పెట్టె కోసి చూద్దును కదా, మా బండ! అదే బూడిద కలిసిన నలుపు, అక్కడక్కడా సన్నగా పారిన తెల్లగీత, చేత్తో రాస్తే కాస్త గరుకు కూడా. రెండు పెట్టెలు విప్పి నేలమీద పరిచినాను. ఒకదానికి ఎడమ మూల నుంచి గీత దిగి నడిమికి వచ్చేసరికి పక్కకు వంగింది. ఇంకో వరసలో మళ్లీ అదే గీత, అదే చోట అదే వంపు. గనిలో ఏ రెండు బండలకూ ఒకే గీత ఉండదు. దీనికి ఉంటుంది, ఎందుకంటే ఇది అచ్చు. ఇంక్‌జెట్ యంత్రం కింద నుంచి పోతూ పోతూ మా ఊరి రాయి బొమ్మ వేయించుకుని వచ్చింది.

మా నాయనకు మోర్బీ పేరెత్తితే చాలు, తిట్టడానికి సిద్ధం. నిజానికి మోర్బీ వాళ్లు నేర్చుకున్నోళ్లే. ఈ టైల్స్ విద్య ముదిరింది ఇటలీలో సాస్సువోలో అనే ఊళ్లో. ఆ ఊరి గురించి దొరికినదల్లా చదివినాను. అన్నిట్లోకీ మరాజ్జి కుటుంబం సంగతి నాకు మా ఇంటి సంగతిలాగే అనిపించింది, ఒక చోటి దాకా.

సాస్సువోలో ఉత్తర ఇటలీలో మోదెనా దగ్గర, సెక్కియా నది ఒడ్డున ఉంటుంది. ఎస్తె వంశపు ప్రభువుల మహలు ఇప్పటికీ ఉంది. చుట్టూ గుట్టల్లో ఎర్ర బంకమన్ను. రంగుపూత వేసిన మట్టిపాత్రలు 18వ శతాబ్దం నుంచే చేస్తున్నారు. 1935లో ఫిలిప్పో మరాజ్జి అనే ఆయన అక్కడ టైల్స్ మొదలుపెట్టినాడు. రెండు వరసల పాప్లర్ చెట్ల నడుమ తాత్కాలికంగా లేపిన కట్టడం, ఎంత తాత్కాలికమంటే దానికి అట్టల ఫ్యాక్టరీ అని పేరుపడింది. ఇది చదివినప్పుడు నాకు మా ఫ్యాక్టరీ మొదటి షెడ్డు గుర్తొచ్చింది. రేకులు కూడా అప్పుకు తెచ్చినవే.

తర్వాత యుద్ధం, యుద్ధం తర్వాత కూలిన ఊళ్లను మళ్లీ కట్టుకోవడం. 1950లలో, 60లలో ఇటలీలో కొత్త ఇళ్లు లేస్తూనే ఉన్నాయి, ప్రతి ఇంటికీ స్నానాలగది, ప్రతి స్నానాలగదికీ గోడ టైల్స్. సాస్సువోలోకు పైనున్న కొండపల్లెల నుంచీ దక్షిణాది నుంచీ జనం పనికి దిగినారు. ఇరవై ఏళ్లలో ఊరి జనాభా రెండింతలు దాటింది. మరాజ్జి ఒక్కరే కాదు, ఊరంతా బట్టీలే. పూత చేసేవాళ్లు, రంగులు నూరేవాళ్లు, యంత్రాలు బాగుచేసేవాళ్లు, లారీలు నడిపేవాళ్లు అందరూ పక్కపక్క వీధుల్లోనే. కొంచెం దూరంలో ఇమోలా అనే ఊళ్లో 1919లో కొందరు మెకానిక్కులు, కమ్మరులు కలిసి పెట్టుకున్న సహకార సంఘం ఒకటుంది, పేరు సాక్మి. టైల్స్ ప్రెస్సుల్లో ఈరోజు దానికి మించిన పేరు తక్కువ. మోర్బీలోనూ దాని యంత్రాలు ఉన్నాయి. తాడిపత్రిలో మాకు ఇన్ని యూనిట్లు ఉండి కూడా కట్టర్ బ్లేడు పోతే కొత్తది బయటి ఊరి నుంచే రావాలి.

మధ్యలో ఒక ముచ్చట. 1960లో మరాజ్జి వాళ్లు మిలాన్ ఆర్కిటెక్టు జియో పోంతి, ఆయన అల్లుడు అల్బెర్తో రోస్సెల్లి చేత ఒక టైల్ గీయించినారు. చదరం కాదు, నాలుగు పక్కలా వంపులు తిరిగి, ఒకదాని పొట్టలోకి ఇంకోదాని నడుము వచ్చి కూర్చునేది. మామా అల్లుళ్లు కలిసి చేసిన పనుల్లో అంత అందమైనది నేను చూళ్లేదు. మా అంగట్లో పెడితే మాత్రం ఒక్కటి పోదు. "అంచుల కాడ వేస్టేజీ ఎంత పోతుందమ్మా?" అని అడుగుతారు ఫస్టు. మేస్త్రీ కూలి డబులంటాడు. పక్కనున్న తెల్ల చదరమే బిల్లవుతుంది.

ఇక అసలు సంగతి 1974ది. అంతకు ముందు టైల్‌కు రెండుసార్లు కాల్పు. ప్రెస్సులో అచ్చు కొట్టి, ఆరబెట్టి, ఒకసారి కాల్చేవాళ్లు. చల్లారినాక పూత పూసి మళ్లీ కాల్చేవాళ్లు. బట్టీ అంటే పొడుగాటి సొరంగం. బండ్ల మీద టైల్స్ దొంతర్లు పేర్చి ఒక పక్క తోస్తే రెండో పక్క బయటపడేసరికి ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మరాజ్జి వాళ్లు పచ్చి టైల్ మీదనే పూత పూసి, ఒకేసారి, త్వరగా కాల్చే పద్ధతికి ఆ ఏడాది పేటెంటు తీసుకున్నారు. ఇందులో దొంతర్లు లేవు. తిరిగే రోలర్ల మీద ఒక్క వరసగా టైల్స్ నడుచుకుంటూ బట్టీలోకి పోతాయి, గంట తిరక్కుండా కాలి బయటికొస్తాయి. పలుచగా, ఒక్కటొక్కటిగా పోతుంది కాబట్టి వేడి రెండు పక్కలా సమంగా తగులుతుంది. పూతా ఒళ్లూ కలిసే గట్టిపడతాయి. గ్యాసు ఖర్చు పడిపోయింది, ధర పడిపోయింది, స్నానాలగది గోడ మీదున్న టైల్ నడింట్లో నేల మీదికి దిగింది.

మా నలుపు బండకు అసలు దెబ్బ అక్కడే తగిలిందని నా లెక్క. మాదాకా రావడానికి ఇంకో పాతికేళ్లు పట్టిందంతే. బొమ్మ వేసే విద్య తర్వాతది. 1990లలో సాస్సువోలో పక్కనే ఉన్న ఫియొరానోలో సిలికాన్ రోలర్‌తో అచ్చు మొదలైంది, 2000 నాటికి స్పెయిన్ వాళ్లు ఇంక్‌జెట్ తెచ్చినారు.

ఆ పేటెంటులో నేను మెచ్చుకునేది తెలివితేటలను కాదు. ఆరోజుకు వాళ్లకు సొంత సొరంగం బట్టీలు ఉన్నాయి, నడుస్తున్నాయి, లాభం తెస్తున్నాయి. కొత్తది పనికొచ్చిందంటే మొదట పాతసామాను కింద పోయేవి అవే. తెలిసే చేసినారు. మా ఇళ్లల్లో ఆ పని ఎవరు చేస్తారు? నడుస్తున్న కట్టర్‌ను ఆపి వేరేది తెద్దామని మా అన్న నోరు తెరిస్తే "తిరిగే చక్రానికి కాలడ్డం పెడతావా" అని నాయన లేచేవాడు.

ఇదంతా ఒక ఆదివారం తాడిపత్రిలో నాయనకు చెప్పినాను. ఆయన ఫ్యాక్టరీ ముందు బండల మీద కూర్చుని వింటూనే పని చేస్తాండాడు. పని అంటే, వచ్చిన బండను నిలబెట్టి చిన్న సుత్తితో నాలుగు చోట్ల తట్టడం. ఖంగుమంటే పక్కకు పెట్టిస్తాడు. దబ్బుమంటే లోపల పగులుంది, కంటికి కనపడదు, పాలిష్‌కు ఎక్కిస్తే విరుగుతుంది. ఇటలీలో టైల్స్ ఏరే పని ఎక్కువగా ఆడవాళ్లు చేసేవాళ్లు, వాళ్లూ కంటితో చూసి, తట్టి చప్పుడు విని వేరుచేసేవాళ్లు అని చెబితే తలెత్తి "ఆడోళ్లకు చెవి బాగుంటాది" అన్నాడు. అంతవరకూ మరాజ్జి వాళ్ల మీద కోపం లేదు.

"వాళ్ల గుట్టలు ఇంకా ఎన్నాళ్లొస్తాయి?" అని అడిగినాడు. గనుల మనిషి కదా, ముందు అదే అడుగుతాడు. ఎర్రమన్నుతో పని ఎప్పుడో తగ్గిపోయిందని చెప్పినాను. ఇప్పుడు అడిగేది పోర్సలిన్. దాన్ని 1200 డిగ్రీల దగ్గర కాలుస్తారు, నీళ్లు అర శాతం కూడా పీల్చదు. దానికి తెల్లగా కాలే మన్ను కావాలి, అందులో చాలా భాగం ఉక్రెయిన్‌లోని డాన్‌బాస్ నుంచి తెప్పించుకునేవాళ్లు. 2022లో యుద్ధం వచ్చి అది ఆగింది, దాని వెంటే గ్యాసు ధర నెత్తికెక్కితే కొన్ని ఫ్యాక్టరీలు బట్టీలు ఆర్పుకున్నాయి.

నాయన సుత్తి కింద పెట్టినాడు. "మన్ను గూడా వాళ్లది గాదా?"

కాదు. ఆ మాట ఆయనకు మింగుడు పడలేదు. మా వ్యాపారమంతా కాళ్లకింద ఏముందో దాని మీదే. నాపబండ పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి గడ్డపారతో లేపుకుంటున్నాం. బేతంచెర్ల, ఎర్రగుంట్ల, తాడిపత్రి, అంతా ఒకటే తంతు. అదే సున్నపురాయిని సిమెంటు ఫ్యాక్టరీలు నలగ్గొడతాయి. భూమి ఇచ్చింది, మేం కోసి నునుపు చేసినాం, అంతే. దాని లోపాలు కూడా భూమి ఇచ్చినవే. సున్నపురాయి కాబట్టి నిమ్మకాయ రసమో చింతపులుసో పడితే మచ్చ. మా జేజి వారానికోసారి వంటింటి బండకు నూనె రుద్ది నలుపు తెప్పించేది. అసలు మచ్చే పడకుండా చేయడానికి మా తరతరాల్లో ఒక్కరూ ఏ ప్రయత్నమూ చేయలేదు, రాయి గుణం అది అనుకున్నాం.

సాస్సువోలోకు మచ్చ లేదని కాదు. 70లలో బట్టీల పొగలో ఫ్లోరిన్, పూతల్లో సీసం, పనివాళ్ల ఊపిరితిత్తుల్లో దుమ్ము. చట్టాలు వచ్చి, ఫిల్టర్లు పెట్టిస్తే గానీ దారికి రాలేదు. మా యూనిట్ల తెల్లబురద రోడ్డు పక్కన ఎండి గాలికి లేస్తూనే ఉంది. దాని గురించి మావాళ్లు మాట్లాడరు. నేను మాట్లాడితే "అంగడోళ్ల మాటలు" అంటారు.

ఇక అమ్మకం. 1980లలో మరాజ్జి వాళ్లు స్పెయిన్‌లో, అమెరికాలో టెక్సాస్‌లో ఫ్యాక్టరీలు పెట్టినారు, 2000లలో రష్యాకు పోయినారు. 2006లో మిలాన్ స్టాక్ మార్కెట్‌కు ఎక్కినారు, రెండేళ్లకే దిగినారు. 2013లో మోహాక్ అనే అమెరికా కంపెనీ, తివాచీలతో పెద్దదైన కంపెనీ, అప్పులతో కలిపి దాదాపు 150 కోట్ల డాలర్లకు మొత్తం కొనేసింది. అట్టల ఫ్యాక్టరీ నుంచి అక్కడికి 78 ఏళ్లు. మూడో తరానికి వచ్చేసరికి, తాత పేరే పెట్టుకున్న ఇంకో ఫిలిప్పో చేతుల మీదుగా, ఇల్లు వ్యాపారాన్ని వదిలింది.

"ఇంటిపేరు అమ్ముకున్న్యారు" అన్నాడు నాయన. మా ఆయన పక్కనే ఉండి "ఆ డబ్బుకు ఎవురైనా అమ్ముతారు మామా" అన్నాడు. నాయన చాలాసేపు మాట్లాడలేదు. ఎందుకంటే అప్పటికే ఫ్యాక్టరీ స్థలాన్ని కల్యాణమండపానికి అడుగుతున్నారు, మా అన్నకు మనసుంది, ఆయనకు లేదు.

నేను ఎవరి పక్కా చేరలేదు గానీ నా మాట ఇది. మరాజ్జి వాళ్లు అమ్మింది వ్యాపారాన్ని. కుటుంబం తప్పుకున్నా బట్టీ నడుస్తుంది, పద్ధతి ఉంటుంది, పెట్టె మీద పేరుంటుంది, ఈరోజుకూ ఉంది. మేం అమ్మాలంటే ఏముంది? ఆగిపోయిన కట్టర్లు ఇనుము ధరకు పోతాయి. నాయన చెవి ఎవరికీ రిజిస్ట్రేషన్ చేయించలేం. మిగిలేది స్థలం. స్థలాన్ని అమ్మి దానికి వ్యాపారం అమ్మినామని పేరు పెట్టుకుంటే ఎట్లా? అమ్మకూడదని నేను అనలేదు. ముందు అమ్మదగ్గది ఏదైనా తయారుచేసుకుందామన్నాను.

టైల్ రాని చోట్లు ఇంకా ఉన్నాయి. మా అంగట్లో లక్షల టైల్స్ పెట్టుకునే అరలన్నీ నల్లబండవే. సీమలో ఏ ఇంట్లోనైనా అలమర తెరవండి, అడ్డంగా ఉన్నది మా రాయే. పార్కింగ్‌లో కారు ఎక్కే చోట, పెరట్లో నీళ్లు పడే చోట పాలిష్ లేని మందపు బండ కావాలని బెంగళూరు వాళ్లు అడుగుతున్నారు. మా అన్న ఇప్పుడు ఒక కట్టర్‌ను అలమర బండలకే పెట్టినాడు, సైజుకు కోసి, అంచు నున్నగా గుండ్రంగా తిప్పి, నాలుగు మూలలూ చెక్కు లేకుండా. అంచు తిప్పే యంత్రం కొనడానికి రెండు పాత కట్టర్లు తూకానికి పోయినాయి. నాయన ఆ రోజు ఫ్యాక్టరీకి రాలేదు.

ఆ బండలు మా అంగట్లో ఒక పక్కకు పెట్టి అమ్ముతున్నాం. ఇప్పుడు కొత్త తగాదా. నాయన సరుకు దిగిన రోజే రొక్కం కావాలంటాడు, అల్లుడని చూడడు. మా ఆయన మోర్బీ వాళ్లే నెల గడువిస్తారు, మామ ఎందుకివ్వడంటాడు. రెండు పక్కల లెక్కలూ నేనే రాస్తాను కాబట్టి బిల్లులో పదిహేను రోజులని వేసినాను. ఇద్దరూ నాతో మాట్లాడటం లేదు గానీ డబ్బులు మాత్రం టైముకు వస్తున్నాయి.