కుడి మోచెయ్యి, 12 కిలోల గుండు

నా కుడి మోచేతి నొప్పి టెన్నిస్ ఎల్బో అని తేలిందని స్టాఫ్ రూమ్‌లో చెప్పగానే అందరూ అడిగింది ఒకటే: "టెన్నిస్ ఎప్పుడాడారు మేడం?" ఎప్పుడూ ఆడలేదు. అసలు ఈ నొప్పి వచ్చేవాళ్లలో చాలామంది రాకెట్ ముట్టుకోనివాళ్లే. నడివయసు, దేన్నో ఒకదాన్ని గట్టిగా పట్టుకుని పదేపదే చేసే పని, ఈ రెండూ ఉంటే చాలు. నాకు 47. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. పొద్దస్తమానం తలకంటే ఎత్తున బోర్డు మీద రాస్తాను. ఇంటికొచ్చి వంట చేస్తాను. తీరిక దొరికిన సాయంత్రాలు డాబా మీద కెటిల్‌బెల్ ఊపుతాను. వీటిలో మోచేతిని చెడగొట్టింది ఏదో తేల్చడం కష్టం. మా ఇంట్లో మాత్రం విచారణ లేకుండానే తీర్పు వచ్చేసింది: గుండే కారణం.

గుండు అంటే కెటిల్‌బెల్, పైన పట్టుకోవడానికి హ్యాండిల్ ఉన్న ఇనప గుండు. మా అబ్బాయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్తూ 8, 12, 16 కిలోలవి మూడు వదిలేసి పోయాడు. వాడు పోయాక వాటి మీద బట్టల స్టాండు పెట్టాలనుకున్నారు, నేను పెట్టనివ్వలేదు. విజయనగరంలో బరువులెత్తడం వింతేమీ కాదు. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడి కథలు వింటూ పెరిగిన ఊరు. జిల్లాలోని కొండవెలగాడ ఆడపిల్లలు వెయిట్‌లిఫ్టింగ్‌లో పేరు తెచ్చుకున్నారు. పక్క జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ నుంచి కాంస్యం తెచ్చినప్పుడు నేను చదువుకుంటున్నాను. అయినా ఒక లెక్చరరమ్మ డాబా మీద ఇనప గుండు ఊపుతుంటే ఎదురింటివాళ్లు టీవీ ఆపి మరీ చూస్తారు. నొప్పి సంగతి తెలిశాక మా అత్తయ్య, "ఏటమ్మా, బకెట్టు ఎత్తలేనంటావు, ఆ గుండు మాత్రం ఎలా ఎత్తుతున్నావేటి?" అంది. వెటకారంగానే అంది కానీ, మంచి ప్రశ్న. దానికి సరైన జవాబు ఉంది.

ఆ జవాబు ఫిజియోథెరపీ గదిలో దొరికింది. కుడిచెయ్యి చాపి, అరచెయ్యి నేలవైపు ఉంచి మణికట్టు పైకెత్తమంది ఆ అమ్మాయి. తను పైనుంచి నొక్కింది. మోచేతి బయటివైపు ఎముక బొడిపె దగ్గర చురుక్కుమంది. తర్వాత ఉత్త పిడికిలి బిగించమంది. మళ్లీ అక్కడే చురుక్కు. వేళ్లను మూసే కండరాలు ముంజేతికి లోపలివైపు కదా ఉండేది, నొప్పి బయటివైపు ఎందుకు? వేళ్లను మూసే కండరాలు ఊరుకోవు, మణికట్టును కూడా లోపలికి వంచేస్తాయి. అది వంగిపోకుండా వెనకనుంచి ఆపేవి ముంజేతి వెనకవైపు కండరాలు. వాటిని ఎముకకు కలిపే టెండన్ అతుక్కునేది సరిగ్గా ఆ బొడిపె దగ్గరే. అంటే దేన్నైనా ఎంత గట్టిగా పట్టుకుంటే టెండన్ మీద అంత లాగుడు. వస్తువు బరువు ఎంత అన్నది ఆ తర్వాతి సంగతి.

ఇది అర్థమయ్యాక నా వ్యాయామాలన్నిటినీ బరువును బట్టి కాకుండా పట్టును బట్టి మళ్లీ చూసుకున్నాను. అంతా తారుమారైంది. తేలికనుకున్నవి పోయాయి, కష్టమనుకున్నవి మిగిలాయి.

మొదట పోయింది స్వింగ్, అంటే గుండును కాళ్ల మధ్య నుంచి ఛాతీ ఎత్తుకు ఊపడం. ఫస్టియర్ పిల్లలకు ఏటా చెప్పే లెక్క ఒకటుంది. లోలకం దారాన్ని నేలకు సమాంతరంగా వచ్చేదాకా లాగి వదిలితే, గుండు అట్టడుగుకు చేరేసరికి దారంలో తన్యత ఎంత? గుండు బరువుకు మూడు రెట్లు. దారం పొడవు ఎంతైనా జవాబు అదే. స్వింగ్‌లో కెటిల్‌బెల్ ఛాతీ ఎత్తు నుంచి కాళ్ల మధ్యకు దిగుతుంది. నడుము వంగుతుంది, భుజం కదులుతుంది, కాబట్టి అచ్చమైన లోలకం కాదు. అంచనాకు మాత్రం పనికొస్తుంది. 12 కిలోలది అడుగున 36 కిలోల లెక్కన లాగుతుంది. రెండు చేతులూ పంచుకున్నా ప్రతి ఊపుకూ ఒక గుంజు, అదీ అరచెయ్యి మన వైపు తిరిగి ఉన్న పట్టుతో. దారానికైతే నొప్పి ఉండదు. ఒకే ఊపులో తలపైకి ఎత్తే స్నాచ్, ఛాతీ దాకా తెచ్చే క్లీన్ కూడా ఇదే బాపతు. ఆగకుండా కదిలే బరువును చెయ్యి ఒక్కసారిగా పట్టుకోవాలి. కుడిచేతికి ఈ మూడూ బంద్.

ప్రెస్, అంటే గుండును ఛాతీ దగ్గరనుంచి తలపైకి నొక్కడం, మిగిలింది. కెటిల్‌బెల్‌ను ఛాతీ దగ్గర ఆనించి పెట్టుకున్నప్పుడు (దీన్నే ర్యాక్ అంటారు) దాని బరువు ముంజేతి మీద, పై చేతి మీద ఆని ఉంటుంది. హ్యాండిల్ అరచేతిలో ఏటవాలుగా పడుతుంది. మణికట్టు నిటారుగా ఉంటే వేళ్లు తెరిచినా గుండు కదలదు. నేను తెరిచి చూశాను. అక్కడినుంచి పైకి నొక్కితే ఎముక మీద ఎముక నిలబడి మోస్తుంది, పిడికిలికి పెద్ద పని లేదు. చిక్కల్లా దాన్ని ర్యాక్ దాకా తేవడమే. ఎడమచేత్తో ఎత్తి, కుడిచేతిని కింద దూర్చి, దించేటప్పుడు మళ్లీ ఎడమచేతికి అప్పగించేదాన్ని. చూడ్డానికి బాగుండదు, పని జరుగుతుంది. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, ఇనప పోత గుండ్లు బరువు పెరిగేకొద్దీ సైజు కూడా పెరుగుతాయి. 8 కిలోలది మణికట్టుకు దగ్గరగా ఆనితే, 12 కిలోలది ఇంకా కిందికి, నొప్పి కండరాల మీదికే వచ్చి కూర్చునేది. చిన్న టవల్ మడిచి చుట్టాల్సి వచ్చింది. పోటీల్లో వాడే స్టీలు గుండ్లు ఏ బరువైనా ఒకే సైజులో ఉంటాయి, వాటితో ఈ బాధ ఉండదు. ధర చూసి ఊరుకున్నాను.

స్క్వాట్‌కు అసలు అడ్డే లేదు. హ్యాండిల్ పట్టుకోకుండా, గుండును రెండు అరచేతుల్లో కిందనుంచి పట్టి గుండెకు హత్తుకుంటే చాలు. అరచెయ్యి పైకి తిరిగి ఉన్నప్పుడు ముంజేతి వెనకవైపు కండరాలకు పని తగ్గుతుంది. 16 కిలోలతో కూడా నొప్పి రాలేదు. అత్తయ్య ప్రశ్నకు జవాబు ఇదే. బకెట్టు తీగను గుప్పిట్లో బిగించి ఎత్తాలి, గుండును పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తుతున్నాను. ఆవిడకు చెప్పాను. "అయితే బకెట్టు కూడా అలాగే ఎత్తు" అంది.

ఎడమచేతికి మాత్రం స్వింగ్, రో (ముందుకు వంగి గుండును నడుము దాకా లాగడం), బరువు పట్టుకుని డాబా చుట్టూ నడవడం, అన్నీ ఉంచాను. ఒకవైపే చేస్తే ఒళ్లు వంకర పోతుందేమోనని మా ఆయన భయం. ఒక చేతికి సాధన చేయిస్తే ఖాళీగా ఉన్న రెండో చేతికీ కొంత బలం వస్తుందని 1894లోనే అమెరికాలో, యేల్ విశ్వవిద్యాలయంలో గమనించారు. కండ పెరిగి కాదు, మెదడూ నరాలూ నేర్చుకునే పని అది. కుడిచెయ్యి బొత్తిగా నీరసించకుండా ఉండడానికి ఆ మాత్రం చాలు. ఎడమచేతికి రెట్టింపు పని పెట్టి దాన్ని కూడా పాడుచేసుకోకూడదు, అంతే.

టర్కిష్ గెటప్ గురించి కొంచెం చెప్పాలి, నాకు ప్రాణం కాబట్టి. వెల్లకిలా పడుకుని, గుండును చాపిన చేత్తో పైకి పట్టుకుని, అది కిందికి రాకుండా లేచి నిలబడి, మళ్లీ పడుకోవాలి. ఎడమచేత్తో గుండు పట్టుకుంటే లేచేటప్పుడు కుడి మోచెయ్యి నేల మీద ఆనుతుంది. డాబా గచ్చు మీద అది నరకం. దుప్పటి నాలుగు మడతలు వేస్తే సరిపోయింది. కుడివైపుకు గుండు లేదు కాబట్టి పిడికిలి మీద ఏదైనా నిలబెట్టుకుని చేయాలి. నేర్పేవాళ్లు బూటు పెడతారు. మా ఇంట్లో చెప్పు పెడితే గొడవ, పుస్తకం పెడితే సరస్వతి. చివరికి బోర్డు డస్టర్ పెట్టాను. పిడికిలి గట్టిగా బిగిస్తే చెయ్యి వణికి డస్టర్ పడిపోతుంది. అది పడకుండా లేవడమంటే పట్టు సడలించడం నేర్చుకోవడమే.

ఇక మోచేతికంటూ చేసింది ఇంకోటి. బల్ల అంచున ముంజెయ్యి ఆనించి, అరచెయ్యి కిందికి ఉంచి, లీటరు నీళ్ల సీసా పట్టుకోవడం. మణికట్టును పైకి లేపే పని ఎడమచేతిది, మెల్లగా దించే పని కుడిచేతిది. నొప్పి పదిలో మూడూ నాలుగూ దాటకూడదు, మర్నాడు పొద్దుటికి మామూలైపోవాలి. దాటితే సీసాలో నీళ్లు తగ్గించడమే. ఇంత సులువుగా బరువు మార్చుకునే పరికరం ఏ జిమ్‌లోనూ లేదు.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకోమని ఒక డాక్టరుగారు అన్నారు. వద్దన్నాను. 2013లో ఆస్ట్రేలియాలో 165 మంది మీద జరిగిన అధ్యయనం ఒకటి చదివాను. ఇంజెక్షన్ వల్ల మొదట్లో ఉపశమనం ఉన్నా, ఏడాది తిరిగేసరికి ఉత్తుత్తి ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్లే మెరుగ్గా ఉన్నారు. నొప్పి తిరగబెట్టింది స్టెరాయిడ్ వాళ్లలో 54 శాతానికి, రెండో జట్టులో 12 శాతానికే. నేను ఇష్టంగా చదవని ముక్క కూడా అందులో ఉంది: ఏడాది చివర చూస్తే ఫిజియోథెరపీ వల్ల కూడా చెప్పుకోదగ్గ తేడా లేదు. చాలామందికి కాలమే తగ్గిస్తుంది. కాబట్టి కెటిల్‌బెల్ వల్లో నీళ్ల సీసా వల్లో నా మోచెయ్యి బాగుపడిందని చెప్పుకోను. అది తన తీరికలో అది బాగుపడుతున్నంతకాలం కాళ్లూ నడుమూ భుజాలూ పాడవకుండా చూసుకున్నాను, అంతవరకే.

పట్టు లెక్క వేయడం మొదలుపెట్టాక తెలిసింది, డాబా మీద కంటే వంటింట్లోనే ఎక్కువ పట్టు వాడుతున్నానని. పట్టకారుతో పాలగిన్నె దించడం అన్నిటికంటే చెడ్డది. చిన్న పట్టు, దూరంగా బరువు, అరచెయ్యి కిందికి. ఇప్పుడు రెండు చేతులా గుడ్డతో దించుతున్నాను. తడి చీరలు పిండడం మా ఆయనకు అప్పగించాను. ఆయన పిండిన చీరలు ఆరడానికి రెండు రోజులు పడుతోంది. స్కూటీ యాక్సిలరేటర్‌ను అవసరానికి మించి బిగించి పట్టుకుంటానని కూడా అప్పుడే గమనించాను.

మా వైపు ఉక్కపోత సంగతి తెలిసిందే. అరచేతులు చెమట పడితే హ్యాండిల్ జారుతుంది, జారుతుందనే భయంతో ఇంకా గట్టిగా పట్టుకుంటాం. చాక్ రాసుకుంటే తక్కువ బిగింపుతో నిలుస్తుంది. కాలేజీ సుద్దముక్క పొడి చేసి వాడొచ్చుగా అని ఓ కుర్రాడు సలహా ఇచ్చాడు. అది వేరు, ఇది వేరు. జిమ్ చాక్ మెగ్నీషియం కార్బొనేట్, చెమటను పీల్చుకుంటుంది. కెమిస్ట్రీ లెక్చరర్‌ను అడగమన్నాను.

ఇప్పుడు కుడిచేత్తో 8 కిలోల స్వింగ్ మళ్లీ మొదలైంది. 12కు వెళ్లాలంటే ఒక్కసారిగా సగం బరువు పెరిగినట్టు. ఈ గుండ్లు రష్యా నుంచి వచ్చినవి. అక్కడి పాత తూకం పూద్ అంటే సుమారు 16.4 కిలోలు. అందుకే 16, 24, 32 అని పెద్ద పెద్ద అంగలు. మధ్యలో వచ్చిన చిన్నవాటికి కూడా నాలుగేసి కిలోల తేడా. టెండన్‌కు అంత పెద్ద అంగ నచ్చదు. అందుకని బరువు పెంచకుండా ముందు ఊపులు పెంచుతున్నాను. కావాలంటే 10 కిలోలది దొరుకుతుంది, అబ్బాయిని తెమ్మన్నాను.

స్టాఫ్ రూమ్‌లో ఇద్దరు కొనాలనుకుంటున్నారు, ఏది కొనాలని అడుగుతున్నారు. బరువు కంటే ముందు హ్యాండిల్ చూడండి. పోటీ గుండ్లకు అది 33 నుంచి 35 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, చేతులు చిన్నవైతే అంతకంటే లావు వద్దు. రంగు ప్లాస్టిక్ తొడుగు వేసిన చవక రకాల్లో హ్యాండిల్‌కూ గుండుకూ మధ్య సందు ఇరుకు, ర్యాక్‌లో మణికట్టు వెనక్కి విరుగుతుంది. షాపులో చేత్తో పట్టుకుని చూసే వీలుంటే సరేసరి. ఆన్‌లైన్‌లో తెప్పించుకుని నచ్చలేదని వెనక్కి పంపాలంటే, మూడో అంతస్తు నుంచి 16 కిలోలు దించుకుపోవాల్సిన కొరియర్ కుర్రాడి ముఖం మీరే చూడాలి.