ఏరొచ్చిందంటే బ్రిడ్జి మీదికే

మాది తిరుపతే గానీ అవ్వోళ్ళది కాళాస్తి. శ్రీకాళహస్తి అని పూర్తి పేరు మా ఇంట్లో ఎవరూ పలకరు, ఊరి పక్క నదిని స్వర్ణముఖి అని కూడా అనరు, ఏరు అంటారు అంతే. "ఏరొచ్చింది" అంటే నీళ్ళొచ్చాయని అర్థం, మిగతా రోజులంతా అది ఇసుకే.

అందుకే మా చిన్నప్పుడు బ్రిడ్జి అంటే కింద క్రికెట్ ఆడుకునే చోటు, సిక్స్ కొట్టి బాల్‌ని బ్రిడ్జి ఎక్కించినోడే హీరో. పైన మాత్రం ఖాళీ ఉండదు, ఆటోలు, పూల బుట్టలు, రాహుకేతు పూజకొచ్చే తమిళనాడు వ్యాన్లు, గుడి కనపడగానే ఫోటో కోసం సడన్‌గా బ్రేక్ వేసేవాళ్ళు, ఇంక శివరాత్రికైతే బండి తీయకపోవడమే మేలు. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన గాలిగోపురం 2010 మే 26న కూలిపోయినాక కొన్నేళ్ళు అటు చూస్తే పన్ను ఊడిన నోరు మాదిరి ఉండేది, 2017లో కొత్తది అయినాకే కళ్ళు సర్దుకున్నాయి.

బ్రిడ్జి లేనప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో నడిచే దాటేవాళ్ళంట. చెలమ తీస్తే కాసేపటికే తేట నీళ్ళు ఊరేవని అవ్వ ఇప్పటికీ చెప్తా ఉంటది. ఇప్పుడు చెలమ తీయడానికి ఇసుకేది? గుడి కట్టిన కూలీలు ఏట్లో మునిగి పిడికెడు ఇసుక తీసుకుంటే చేసిన పనికి తగ్గట్టు బంగారం అయ్యేదని స్థలపురాణం, ఇప్పుడు ట్రాక్టర్లోళ్ళకి గుడి కట్టకుండానే అవుతోంది. ఇసుక తోడేస్తే పిల్లర్లకి పట్టు పోతుందని ఎవరికి చెప్పేది, సర్లే.

పాకాల వైపు కొండల్లో పుట్టి చంద్రగిరి, తిరుచానూరు మీదుగా వచ్చే ఏరు కాబట్టి అక్కడ వాన దంచితే ఇక్కడికి నీళ్ళొస్తాయి. 2021 నవంబర్లో కల్యాణి డ్యామ్ గేట్లెత్తారు, రాయలచెరువు తెగుతుందేమోనని జనం వణికిపోయారు, తిరుపతి వీధులే ఏర్లయ్యాయి. అవి కాస్త తగ్గినాక కాళాస్తి పోతే అవ్వ ఒకటే గోల, నన్ను బ్రిడ్జి దాకా తీసకపోరా అని. స్కూటర్ ఆపానో లేదో పోలీసాయన విజిల్ మొదలెట్టాడు. ఈమె నిదానంగా దిగి కొంగు ముడి విప్పి పసుపు కుంకుమ నీళ్ళలోకి వేసి, ఆయన వైపు తిరిగి, "ఉండు నాయనా, పోతాం. అది వచ్చేదే ఎప్పుడో ఒకసారి" అనింది.